వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ నాణ్యతను కొలవడం ఎలా

విడుదలకు ముందు జరిపే పరీక్షలు మనం ఊహించగలిగిన తప్పులనే పట్టిస్తాయి. వాడుకరుల చేతికి వెళ్లాక ప్రోగ్రామ్ ఎలా నడుస్తోందో తెలియాలంటే అక్కడే కొలవాలి. వారు ఏ పని కోసం దాన్ని తెరుస్తున్నారో ముందుగా రాసుకుని, ఆ పని మొదలుపెట్టినవారిలో ఎంతమంది పూర్తి చేయగలిగారో లెక్కించండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కొలత ఇదే, ఎందుకంటే సర్వర్ నిక్షేపంగా ఉన్నా బటన్ పనిచేయకపోతే వాడుకరికి ఆ ప్రోగ్రామ్ లేనట్టే.

స్పందన సమయం విషయంలో సగటును నమ్మకండి. వంద అభ్యర్థనల్లో 98 ఒక్కొక్కటి 0.1 సెకనులో, మిగిలిన రెండు పదేసి సెకన్లలో పూర్తయితే, సగటు సుమారు 0.3 సెకన్లే వస్తుంది. పది సెకన్లు ఎదురుచూసినవారి అవస్థ అందులో కనిపించదు. 50వ, 95వ పర్సెంటైళ్లు (అంటే 50 శాతం, 95 శాతం అభ్యర్థనలు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చెప్పే అంకెలు) కూడా దాన్ని దాచేస్తాయి, 99వది మాత్రమే బయటపెడుతుంది. అందుకే మూడింటినీ పక్కపక్కన చూడాలి.

లభ్యత (ప్రోగ్రామ్ పనిచేస్తూ అందుబాటులో ఉండే సమయం) లక్ష్యం 99.9 శాతమంటే 30 రోజుల్లో అంతరాయం 43.2 నిమిషాలకు మించకూడదు; అలా అనుమతించిన అంతరాయ సమయం వేగంగా కరిగిపోతుంటే కొత్త మార్పులు ఆపి లోపాలను సరిదిద్దండి. క్రాష్‌లను వెర్షన్ వారీగా, పరికరం వారీగా విడదీయండి. లాగ్‌లలో (ప్రోగ్రామ్ తన పనితీరును రాసుకునే ఫైళ్లలో) పాస్‌వర్డులు, వ్యక్తిగత వివరాలు నమోదు కాకుండా మొదటి రోజునుంచే జాగ్రత్త పడండి.