ఆవేశాలు, ధ్రువాలు – 4వ పాఠం: దగ్గరికి లాగితే ఏం తేలినట్టు?

ఈసారి బలాల లెక్కలు చేద్దామనుకున్నాం కదా, వాటిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం అభ్యాసానికి మీ జవాబులు చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. "పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగింది. దువ్వెనది ఋణావేశం, కాబట్టి కాగితానిది ధనావేశం." ఎక్కువమంది రాసింది ఇదే. ఇందులో నా తప్పూ ఉంది. "దువ్వెన లాగిన వస్తువుల ఆవేశం ఏమిటి?" అని అడిగాను. అసలు ఆవేశం ఉందా లేదా అని అడగాల్సింది.

సజాతి (ఒకే రకం) ఆవేశాలు తోసుకుంటాయి, విజాతి (వేరు రకం) ఆవేశాలు ఆకర్షించుకుంటాయి అన్న నియమం మీకు వచ్చు, మళ్లీ వివరించను. దాన్ని తిరగేసి చదివినప్పుడే చిక్కు వస్తోంది. విజాతి ఆవేశాలైతే ఆకర్షించుకుంటాయి, నిజమే. ఆకర్షించుకున్నాయి కాబట్టి విజాతి ఆవేశాలే అనడం మాత్రం కుదరదు. పరీక్షలకు చదివేవాళ్లు కూడా ఇక్కడే పడిపోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే దీన్ని నిదానంగా విప్పుదాం.

కాగితం ముక్కలో ధనావేశం, ఋణావేశం సమానంగా ఉన్నాయి. అంటే అది తటస్థం. దువ్వెన దగ్గరికి రాగానే కాగితం అణువుల్లోని ఎలక్ట్రాన్లు పిసరంత వెనక్కి జరుగుతాయి, అంతే. ముక్కను వదిలి ఎక్కడికీ పోవు. ఆ కాస్త జరగడంతోనే దువ్వెన వైపు ముఖం మీద కొంచెం ధనావేశం, అవతలి ముఖం మీద సరిగ్గా అంతే ఋణావేశం తేలతాయి. దీన్నే ప్రేరణ అంటాం. మొత్తం కలిపితే ఇంకా సున్నాయే.

సున్నా అయితే ముక్క ఎందుకు లేచింది? దూరం వల్ల. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుందని 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ పురితీగ త్రాసుతో (తీగ ఎంత మెలి తిరిగిందో చూసి బలాన్ని కొలిచే పరికరంతో) కొలిచి చూపించాడు. కాగితం బాగా మందంగా ఉందనుకోండి. దగ్గరి ముఖం దువ్వెనకు 1 సెం.మీ., అవతలి ముఖం 2 సెం.మీ. దూరంలో ఉన్నాయి. దగ్గరి ముఖాన్ని దువ్వెన 4 వంతుల బలంతో లాగితే, అవతలి ముఖాన్ని 1 వంతు బలంతో నెడుతుంది. మిగిలిన 3 వంతులూ లాగుడే. అసలు కాగితం చాలా పలచన కాబట్టి తేడా ఇంత ఉండదు. కానీ ముక్క బరువు కూడా ఏపాటిది?

ఇప్పుడు దువ్వెన బదులు ధనావేశమున్న గాజు కడ్డీ పెట్టి ఇదే ఆలోచించండి. ముఖాలు తారుమారవుతాయి, లాగుడు మాత్రం అలాగే ఉంటుంది.

కొన్ని ముక్కలు దువ్వెనను తాకి వెంటనే ఎగిరిపోయాయని ఇద్దరు ముగ్గురు గమనించారు. వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన పరిశీలన ఇదే. తాకినప్పుడు దువ్వెన ఆవేశం కొంత ముక్కకు అంటింది. ఇద్దరిదీ ఒకే జాతి అయింది, అందుకే తోసేసింది. 1733లో ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యూఫే పట్టుకున్నదీ ఈ దారే. రుద్దిన గాజు గొట్టం తోసేసిన బంగారు రేకును, రుద్దిన చెట్టు జిగురు కూడా తోసేస్తుందనుకున్నాడు. అది లాగింది. ఆవేశాలు రెండు రకాలని అప్పుడు తేలింది.

మీరూ సెల్లో టేప్‌తో చూడొచ్చు. దువ్వెన కంటే నాకు ఇదే నమ్మకం. బల్ల మీద ఒక టేప్ ముక్క అంటించి వదిలేయండి. దాని మీద జానెడు ముక్క, దాని మీద ఇంకొకటి అంటించండి. పట్టుకోవడానికి చివరలు మడిచి, కిందిదాని మీద 'కిం', పైదాని మీద 'పై' అని రాయండి. ఈ రెండింటినీ కలిపి మెల్లగా లేపి, నున్నటి వైపు వేలితో ఒకసారి నిమిరి, చటుక్కున విడదీయండి. ఇలాంటి జత ఇంకొకటి చేయండి. వేలాడదీస్తే రెండు 'కిం'లు ఎడంగా విచ్చుకుంటాయి. రెండు 'పై'లూ అంతే. 'కిం', 'పై' మాత్రం గబుక్కున అతుక్కుంటాయి. ఇప్పుడు వేలు దగ్గరపెట్టండి. రెండు రకాలూ వేలికే వస్తాయి! లాగితే విజాతి అనే లెక్కన మీ వేలికి ఏ ఆవేశం ఉన్నట్టు? (గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఈ ప్రయోగం పెట్టుకోకండి.)

అయస్కాంతాల్లోనూ ఇదే కథ. ఇనుప మేకు ఉత్తర ధ్రువానికీ వస్తుంది, దక్షిణ ధ్రువానికీ వస్తుంది. ఏ ధ్రువం చూపిస్తే, మేకు దగ్గరి కొన దానికి విజాతి ధ్రువమవుతుంది. తోస్తేనే అది అయస్కాంతమని రూఢి. ఒక్క జాగ్రత్త: దూరం నుంచి మెల్లగా తీసుకురండి. కదలకుండా పట్టుకున్న బలహీనమైన అయస్కాంతానికి బలమైనదాన్ని ఒక్కసారిగా ఆనిస్తే, ప్రేరణ దాని ధ్రువాన్నే తిరగేయగలదు. నా దిక్సూచి ఒకటి అలాగే పాడైంది, ఉత్తరం చూపాల్సిన కొన ఇప్పుడు దక్షిణం చూపుతోంది.

ధనావేశం, ఉత్తర ధ్రువం ఒకటేననుకున్నవాళ్లు దారంతో వేలాడే దండాయస్కాంతం రెండు కొనల దగ్గరికీ దువ్వెన తీసుకెళ్లండి. కదిలితే రెండూ దువ్వెన వైపే కదులుతాయి, మామూలు లోహపు ముక్కలాగే. కదలకుండా ఉన్న ఆవేశానికి ధ్రువంతో పని లేదు. ఈ రెంటినీ వేరుచేసి 1600లోనే ఇంగ్లండు వైద్యుడు గిల్బర్ట్ రాశాడు.

అభ్యాసం. ఒకటి: దారాలకు వేలాడే మూడు తేలికైన బంతుల్లో ఏ రెండింటిని దగ్గరికి తెచ్చినా ఆకర్షించుకుంటున్నాయి. ఎన్నింటికి ఆవేశం ఉంది? రెండు: ఒకేలా ఉన్న రెండు ఇనుప కడ్డీల్లో ఒకటే అయస్కాంతం. దారం, మేకు, దిక్సూచి ఏవీ లేకుండా ఆ రెండు కడ్డీలతోనే ఏది అయస్కాంతమో తేల్చండి. ఇక్కడ తోసుకోవడం మీకు దొరకదు, కాబట్టి కష్టపడాల్సి వస్తుంది. కడ్డీ మధ్య భాగం గురించి ఆలోచించండి. జవాబుతోపాటు ఎలా తేల్చారో కూడా రాయండి.