పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించడం ఎప్పుడు సబబు?

కంప్యూటర్ నెమ్మదించిందని విశాఖపట్నం ద్వారకానగర్ దుకాణానికి తీసుకువెళ్లే ముందు, ఆ జాప్యం ఎక్కడ పుడుతున్నదో ఇంట్లోనే తేల్చుకోవడం మంచిది. ఏ భాగం ఎంత పనిచేస్తున్నదో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వినియోగం చాలాసేపు 100 శాతం దగ్గరే నిలిచి, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కనిపిస్తే, అసలు అడ్డంకి హార్డ్ డిస్కేనని దాదాపుగా నమ్మవచ్చు. అయితే ర్యామ్ (తాత్కాలిక మెమరీ) కూడా నిండిపోయి ఉంటే ముందు దానిని 8 జీబీకి పెంచాలి; ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌నే మెమరీగా వాడుకుంటుంది గనుక ఈ రెండు లక్షణాలూ తరచుగా కలిసే కనిపిస్తాయి.

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరిగి, డేటా చదివే హెడ్ సరైన చోటికి చేరేదాకా ప్రతి చిన్న ఫైలూ వేచి ఉండాలి. దాని స్థానంలో వేసే, చిప్‌లలో డేటా దాచే డ్రైవ్ అయిన ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. అందువల్ల సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోయే సాటా రకం (పాత హార్డ్ డిస్క్ కనెక్టర్‌కే తగిలించే) ఎస్‌ఎస్‌డీ సైతం పాత యంత్రంలో స్పష్టమైన మార్పు తెస్తుంది. చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీలను నేరుగా అమర్చే ఎం.2 స్లాట్ లేని మదర్‌బోర్డుకు అదే తగినది.

విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్‌లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి ముందున్న ప్రాసెసర్లలో అత్యధికం విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు కాబట్టి, విండోస్‌కు బదులు వాడుకోగల లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారే ఉద్దేశం లేనివారికి అటువంటి యంత్రంపై ఎక్కువ ఖర్చు పెట్టమని నేను చెప్పలేను. పెదవాల్తేరు వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉండేవారు మూత తీయించి, ఉప్పుగాలికి మదర్‌బోర్డు కనెక్టర్లు తుప్పు పట్టాయేమో కూడా చూడాలి. పట్టి ఉంటే కొత్త డ్రైవ్ వృథా కావచ్చు.

డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తుంటే మాత్రం ఈ ఆలోచనలన్నీ పక్కనపెట్టి, ముందు ఫోటోలనూ పత్రాలనూ వేరే చోటికి కాపీ చేసుకోండి.