కెన్యా అనాథాశ్రమంలో ఇంటర్న్‌షిప్: చెన్నైలో విమానం ఎక్కకముందే తేల్చుకోవలసినవి

"పన్నెండు వారాలు కెన్యాలో ఉండాలి, అనాథాశ్రమానికి ఆదాయం తెచ్చే చిన్న వ్యాపారం ఒకటి నిలబెట్టాలి." చెన్నైలో ఎంబీఏ, సోషల్ వర్క్ చదివే మన తెలుగు విద్యార్థులకు ఇలాంటి అవకాశం వస్తే టికెట్ ధర తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ ఆశ్రమం సంగతి చూడాలి.

కెన్యా ప్రభుత్వం 2017 నవంబరు నుంచి కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో కొత్త బాలల చట్టం వచ్చింది. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్ని కుటుంబాల దగ్గరికి చేర్చాలని 2022 నుంచి 2032 దాకా పదేళ్ల ప్రణాళిక కూడా అదే ఏడాది పెట్టుకున్నారు. కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితం కాపీ అడగండి. 2017 తర్వాత మొదలైన ఆశ్రమమైతే అనుమతి ఎలా దొరికిందో రాతపూర్వకంగా చెప్పమనండి. ఆపైన ఇంకో మూడు ప్రశ్నలు: పిల్లల్లో ఎంతమందికి తల్లో తండ్రో బతికి ఉన్నారు? పోయిన ఏడాది ఎంతమంది తిరిగి ఇంటికి వెళ్లారు? కొత్తగా ఎవరినైనా చేర్చుకుంటే బాలల అధికారి కాగితం, కోర్టు ఉత్తర్వు ఉంటున్నాయా? మూడింటికీ జవాబుగా పిల్లల ఫొటోలు పంపితే అక్కడితో వదిలేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా దేశాల్లో ఆశ్రమాల పిల్లల్లో ఎక్కువమందికి కన్నవాళ్లలో ఒకరైనా ఉన్నారు. తిండికి, బడి ఫీజుకు గతిలేక పంపినవాళ్లే అధికం. విదేశీ వాలంటీర్లు, విరాళాలు వచ్చేచోట పిల్లల్ని వెతికి మరీ తెచ్చే దళారులు పుడతారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో బాలల హక్కుల తీర్మానంలో ఈ విషయాన్ని ప్రస్తావించింది. మీరు పెట్టే వ్యాపారం "తలకు ఇంత" లెక్కన ఆశ్రమానికి డబ్బిస్తే తలలు పెరుగుతాయి. అందుకని లాభం పంపకం పిల్లల సంఖ్యతో ముడిపడకూడదని, ఇంటికి వెళ్లిన పిల్లల బడి ఫీజుకు కూడా అందులో వాటా ఉంటుందని ఒప్పందంలో రాయించండి. ఈ ఒక్క షరతుకు ఒప్పుకోని చోట మిగతా జాగ్రత్తలన్నీ తీసుకున్నా దండగే.

కాగితాలు

2024 జనవరి నుంచి కెన్యాలో వీసా బదులు ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) నడుస్తోంది. ఊళ్లు చూసి రావడానికి వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది, దాని మీద పని చేయకూడదు. ఇంటర్న్‌షిప్‌కు పాస్ వేరే ఉంది, దానికి కావలసిన కాగితాలు అక్కడి సంస్థే సమకూర్చాలి. "ఈటీఏ మీద వచ్చేయండి, తర్వాత చూద్దాం" అంటే చిక్కులో పడేది మీరే.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేసి, సాలిగ్రామం, అమింజికరై, తాంబరం కేంద్రాల్లో ఒకదానికి వెళ్లాలి. ఫీజు ₹500. టూరిస్ట్ వీసా మీద వెళ్లేవారికి ఇది ఇవ్వరు. పిల్లలున్న చోటికి కొత్త మనిషిని రానిస్తూ ఈ సర్టిఫికెట్ అడగని ఆశ్రమం, మీకు ముందు ఎవరెవరిని రానిచ్చి ఉంటుందో ఆలోచించండి.

సూదులు, మందులు

ఎల్లో ఫీవర్ టీకా కెన్యాలో దిగడానికి కాదు, ఇండియాకు తిరిగి రావడానికి కావాలి. మన దగ్గర ఆ జబ్బు లేదు గానీ దాన్ని మోసే దోమ ఊరంతా ఉంది. అందుకే కార్డు లేకుండా కెన్యా నుంచి దిగినవాళ్లను ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు కార్డు చెల్లుబాటులోకి వస్తుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్ట్ పట్టుకుని ప్రయాణానికి నెల ముందే వెళ్లండి. గుడ్డు బాగా పడనివాళ్లు ఆ మాట సూది వేయకముందే చెప్పాలి.

నైరోబీ ఎత్తు మీద ఉంది కనుక మలేరియా తక్కువ. కిసుము వైపు, మొంబాసా తీరంలో ఎక్కువ. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ, వచ్చాక ఇంకో నాలుగు వారాలూ రోజూ వేసుకోవాలి. ఊళ్లో కుక్కలుంటే రేబిస్ ముందస్తు టీకా సంగతీ అడగండి. ఏడు రోజుల తేడాతో రెండు డోసులు. తర్వాత కుక్క కరిస్తే ఇంకో రెండు డోసులు తప్పవు గానీ, పల్లెల్లో దొరకడం కష్టమైన ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు అవసరం ఉండదు.

సామాను విషయం రెండే మాటలు. అమ్మ ఆవకాయ సీసాను ప్లాస్టిక్ క్యారీబ్యాగ్‌లో చుట్టి పెట్టనీయకండి, 2017 ఆగస్టు నుంచి అక్కడ ఆ సంచులు నిషేధం. ప్లగ్గులు బ్రిటిష్ తరహావి, అడాప్టర్ కావాలి.

వ్యాపారం: కోళ్లనే తీసుకుందాం

ఆశ్రమాలకు ఎక్కువగా తట్టే ఆలోచన గుడ్ల కోళ్లు. పన్నెండు వారాల ఇంటర్న్ చేతిలో అది దెబ్బతినేదీ సులభంగానే. ఒకరోజు వయసు కోడిపిల్లల్ని తెస్తే తొలి గుడ్డు 18–20 వారాలకు గానీ రాదు. మీరు తిరుగు విమానం ఎక్కేనాటికి అవి తింటూనే ఉంటాయి, ఒక్కటీ పెట్టదు. 16 వారాల పెట్టల్ని కొనండి. ఖరీదెక్కువే, కానీ కొక్కెర తెగులు టీకాలన్నీ పడ్డాయని అమ్మినవాళ్ల దగ్గర కాగితం తీసుకోవచ్చు.

వంద పెట్టలకు రోజుకు 11–12 కిలోల దాణా. గుడ్లు ఉన్నా లేకున్నా అది ఆగదు. ఆరు వారాల దాణాకు, అంటే 70 కిలోల బస్తాలు సుమారు ఏడు కొనడానికి డబ్బు పక్కన పెట్టకుండా కోళ్లు తేవద్దు. షెడ్డులో కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన 200 చదరపు అడుగులు కావాలి. బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాదంతా 12 గంటలే కాబట్టి పొద్దుగూకాక బల్బు వెలగాలి. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అనుకోండి.

ఇప్పుడు గుడ్ల లెక్క. బాగా నడిస్తే రోజుకు 85. ఆశ్రమంలో 40 మంది పిల్లలు తలా ఒకటి తింటే మిగిలేది 45, అంటే ఒకటిన్నర ట్రే. చాలా ప్రణాళికలు ఈ 40ని లెక్కలోకే తీసుకోవు. పిల్లలు తిన్న గుడ్డును కూడా దుకాణం ధరకే పుస్తకంలో రాయాలి, లేకపోతే వ్యాపారం నష్టాల్లో ఉందో లాభాల్లో ఉందో ఎవరికీ తెలియదు. అలాగే దాణా మోయడం, షెడ్డు ఊడ్వడం పిల్లల పని కాదు. జీతమిచ్చి పెద్దవాళ్లను పనికి పెట్టుకుంటే నిలవని వ్యాపారం అసలు నిలవదు.

కొనేవాళ్లను కోళ్ల కంటే ముందు వెతకండి. ఐదు దుకాణాలు తిరిగి ట్రే ఎంతకు తీసుకుంటారో, వారానికెన్ని కావాలో అడగండి. ఆశ్రమం పేరు చెప్పకుండా అడగండి. జాలితో కొన్నవాళ్లు రెండో వారం రారు.

డబ్బు మాత్రం ఎం-పెసాలో (అక్కడి ఫోన్ చెల్లింపుల సేవ) వ్యాపారం పేరున ఉన్న టిల్ నంబరుకే (దుకాణాలు డబ్బు తీసుకునే నంబరు) రావాలి, మేనేజరు సొంత ఫోనుకు రాకూడదు. బ్యాంకు ఖాతా ఆశ్రమం ఖాతాకు వేరుగా, ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఆ ఇద్దరిలో మీరు ఉండొద్దు. మీరు వెళ్లిపోతే సంతకం ఆగిపోతుంది. దాణా, గుడ్లు, పగిలినవి, చచ్చినవి, అమ్మినవి రాసే పుస్తకం మొదటి రోజు నుంచే అక్కడి మేనేజరు చేత్తో రాయాలి. మీరు పక్కన కూర్చుని కూడిక సరిచూస్తే చాలు.

పిల్లలతో ఆటపాటలు మీ పనిలో పెట్టుకోకండి. మూడు నెలలు అల్లుకుపోయి మాయమయ్యే అన్నయ్యలు, అక్కయ్యలు వాళ్లకు ఇప్పటికే ఎక్కువ. ఫొటోలూ వద్దు. కెన్యా 2019 డేటా రక్షణ చట్టం ప్రకారం పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రులదో సంరక్షకులదో సమ్మతి కావాలి. నిధుల కోసం గుడ్ల ఫొటో పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఎల్లో ఫీవర్ కార్డు చేతిసంచిలో ఉండాలి. చెన్నై చేరాక జ్వరం వస్తే, కొన్ని వారాల తర్వాతైనా సరే, కెన్యా వెళ్లొచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. లేకపోతే డెంగీ పరీక్ష చేసి పంపేస్తారు, మలేరియా రక్తపరీక్ష ఎవరికీ గుర్తుకు రాదు.