చిన్నపిల్లలకి అద్దాలు, ప్యాచ్ రాసిచ్చారా? ఇంట్లో ఎలా నడిపించాలంటే

రెండేళ్ళ పిల్లకో మూడేళ్ళ పిల్లాడికో డాక్టర్ అద్దాలు రాశారంటే ఇంట్లో అందరూ అనే మొదటి మాట "ఇంత చిన్నపిల్లకి అద్దాలేంటి, కాస్త పెద్దయ్యాక చూద్దాంలే" అని. దయచేసి ఆ మాట వినకండి. మా పాపకి రెండు కళ్ళకీ ప్లస్ పవర్ (కన్ను కష్టపడి బిగిస్తే గానీ స్పష్టంగా కనపడని దూరదృష్టి), ఎడమ కన్ను లేజీ ఐ (మెదడు సరిగ్గా వాడుకోని కన్ను), అద్దాలూ ప్యాచూ (ఒక కన్ను మూసే పట్టీ) రెండూ మా ఇంట్లో నడిచాయి, అందుకని డాక్టర్ చెప్పే పది నిమిషాల్లో పట్టని, ఇంటికొచ్చాక మనమే తంటాలు పడే విషయాలు రాస్తున్నా.

ఆగకూడదని ఎందుకంటున్నానంటే, చూడటం అనేది పుట్టిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్ళ వరకు మెదడు నేర్చుకునే పని. ఒక కంట్లో పవర్ ఎక్కువున్నా, మెల్ల ఉన్నా, ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది, రెండో కన్ను బాగానే పని చేస్తుంది కాబట్టి పిల్ల ఆడుతుంది పాడుతుంది ఎవరికీ అనుమానం కూడా రాదు. అలా వదిలేస్తే పెద్దయ్యాక ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా ఆ కంటికి పూర్తి చూపు రాదు. ఏడేళ్ళు దాటినా ట్రీట్‌మెంట్ పని చేస్తుంది, వదిలేయక్కర్లేదు, కాకపోతే ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత త్వరగా, అంత బాగా వస్తుంది.

అనుమానం ఉంటే ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. పిల్ల ఏదో బొమ్మ చూస్తున్నప్పుడు మీ అరచేత్తో ఒక కన్ను మూయండి, కాసేపాగి రెండోది మూయండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే మాత్రం చెయ్యి తోసేసి ఏడుస్తుంటే వెంటనే చూపించండి. తల వంచి చూడటం, ఎండలో ఒక కన్ను మూసేయడం, టీవీకి ముక్కు ఆనించి కూర్చోవడం కూడా గమనించండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఒక కంటి పాప తెల్లగా మెరుస్తుంటే మాత్రం రేపటిదాకా కూడా ఆగొద్దు, అది కంటి క్యాన్సర్ అయ్యే అవకాశం కూడా ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే పుట్టిన 30 రోజుల్లోపే రెటీనా (కంటి లోపల వెనక పొర) పరీక్ష జరగాలి, ఆస్పత్రి వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి.

పరీక్షకి వెళ్ళేటప్పుడు

చిన్నపిల్లలకి మందు వేసి కంటి పాప పెద్దది చేసి చూస్తేనే సరైన పవర్ తెలుస్తుంది, అది చెయ్యకుండా కంప్యూటర్ మెషిన్ ముందు కూర్చోబెట్టి రాసిన పవర్‌తో అద్దాలు చేయించొద్దు. కొందరికి మూడు రోజులు ఇంట్లోనే అట్రోపిన్ (కంటి పాప పెద్దది చేసే మందు) ఆయింట్‌మెంట్ పెట్టి తీసుకురమ్మంటారు. చేతులు కడుక్కుని, కింది రెప్ప కొద్దిగా లాగి బియ్యపు గింజంత పెడితే చాలు, ఎక్కువ పెడితే ప్రమాదం. పెట్టాక ముఖం బాగా ఎర్రబడినా, ఒళ్ళు వేడెక్కినా, నోరు ఎండిపోయినా ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ కాలం దగ్గరవి మసగ్గా కనపడతాయి, ఎండకి కళ్ళు విప్పలేరు, టోపీ పెట్టండి, స్కూల్‌కి వెళ్ళే పిల్లయితే టీచర్‌కి ముందే చెప్పండి, లేకపోతే రాయట్లేదని తిడతారు.

అద్దాలు కొనేటప్పుడు

లెన్స్ పాలీకార్బొనేట్ (తేలిగ్గా పగలని ప్లాస్టిక్) అడగండి, గాజు అస్సలొద్దు. ఫ్రేమ్ "రెండేళ్ళు వస్తుంది" అని పెద్దది తీసుకోకండి. లెన్స్ మధ్యభాగం సరిగ్గా కంటి పాప ఎదురుగా ఉండాలి, పెద్ద ఫ్రేమ్ ముక్కు మీదికి జారిపోతుంది, పిల్ల పైనుంచి చూసేస్తుంది, డబ్బులూ పోయాయి పవరూ పోయింది. చిన్నపిల్లల ముక్కు దూలం ఇంకా చదునుగానే ఉంటుంది కాబట్టి మెత్తటి సిలికాన్ ఫ్రేమ్, వెనక ఎలాస్టిక్ స్ట్రాప్ ఉన్నవి బాగా నిలుస్తాయి. చేతికి వచ్చాక చీటీలో రాసిన పవర్, లెన్స్‌లో ఉన్న పవర్ ఒకటేనా, కుడి ఎడమ మారలేదు కదా అని ఆస్పత్రిలోనే చెక్ చేయించుకోండి, మొహమాటపడొద్దు. వీలుంటే రెండో జత చేయించి పెట్టుకోండి, విరిగిన రోజు తెలుస్తుంది దాని విలువ.

డబ్బు ఇబ్బందైతే దారులున్నాయి. అంగన్‌వాడీ, ప్రభుత్వ స్కూల్ పిల్లల్ని చూడటానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, ఆంధ్రాలో 2019 అక్టోబర్‌లో పెట్టిన కంటి వెలుగు కూడా స్కూల్ పిల్లలతోనే మొదలైంది. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు డబ్బు కట్టలేని వాళ్ళకి ఉచితంగా చూస్తారు, వాళ్ళకి విజయవాడ, విశాఖల్లో కూడా ఆస్పత్రులున్నాయి.

పెట్టించడం, ఉంచడం

మొదటి రోజే పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంచాలని పట్టుబడితే ఇంట్లో యుద్ధమే. పిల్ల ఏదో ఇష్టమైన పనిలో మునిగినప్పుడు, కథ చెప్తూ అన్నం పెట్టేటప్పుడు, పార్కుకి బయల్దేరేటప్పుడు పెట్టండి. తీసేస్తే అరవకండి, నవ్వకండి కూడా, మళ్ళీ పెట్టండి, రెండు మూడు సార్లు తీసేస్తే కాసేపు వదిలేసి అరగంట తర్వాత మళ్ళీ మొదలెట్టండి. లేవగానే అద్దాలు, పడుకునేటప్పుడు తీసి డబ్బాలో, ఈ అలవాటు పళ్ళు తోముకోవడంలా అయిపోవాలి. ప్లస్ పవర్ పిల్లలకి మొదట్లో అద్దాల్లోంచి దూరం మసగ్గా అనిపించొచ్చు, కన్ను బిగించి చూడటం అలవాటైపోయి ఉంటుంది కాబట్టి. రెండు వారాలైనా ఉంచుకోకపోతే పిల్లది మొండితనం అనుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఫ్రేమ్ గుచ్చుకుంటుండొచ్చు, పవర్ తేడా ఉండొచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం, దీని దగ్గరే చాలామంది భయపడి అద్దాలు మాన్పిస్తారు. ప్లస్ పవర్ వల్ల మెల్ల వచ్చే పిల్లలకి అద్దాలుంటే కళ్ళు సరిగ్గా ఉంటాయి, తీయగానే కన్ను లోపలికి తిరుగుతుంది. అది చూసి "అద్దాలు పెట్టాకే మెల్ల ఎక్కువైంది" అంటారు. అలా కాదండి, ఆ పిల్ల స్పష్టంగా చూడటానికి కన్ను బిగిస్తుంది, బిగించినప్పుడల్లా కళ్ళు లోపలికి వస్తాయి, అద్దాలు ఆ కష్టం తీసేస్తున్నాయి కాబట్టి సరిగ్గా నిలుస్తున్నాయి. తీస్తే మళ్ళీ పాత కష్టమే కదా.

రాత్రి అద్దాలు తీశాక నీళ్ళ కింద పట్టి, ఒక చుక్క లిక్విడ్ సోప్‌తో రుద్ది, అద్దాల గుడ్డతో తుడవండి. పప్పన్నం నెయ్యి వేళ్ళతో పట్టుకుంటారు కాబట్టి పొద్దునకి లెన్స్ మీద జిడ్డు పొర ఉంటుంది, చీర కొంగుతో చొక్కా అంచుతో పొడిగా తుడిస్తే గీతలే. ముక్కు పక్కన ఎర్రగా గాడి పడితే షాపులో సరిచేయించండి.

ప్యాచ్ సంగతి

కొంతమందికి అద్దాలతోనే లేజీ ఐ తగ్గిపోతుంది, అందుకే చాలామంది డాక్టర్లు ముందు మూడు నాలుగు నెలలు అద్దాలు మాత్రమే వాడి చూస్తారు. ప్యాచ్ చెప్తే మూయాల్సింది బాగా కనిపించే కన్ను. తాతయ్యలు నానమ్మలు పాపం "బాగోలేని కన్ను కదా మూయాలి" అనుకుని రెండోది మూసేస్తారు, కాబట్టి ఏ కన్నో కాగితం మీద బొమ్మేసి ఫ్రిజ్‌కి అంటించండి. మధ్యస్థంగా ఉన్న లేజీ ఐకి రోజుకి 2 గంటలు, చూపు బాగా తక్కువుంటే 6 గంటలు చెప్పడం మామూలు, మీ పిల్లకెంతో డాక్టరే చెప్పాలి, త్వరగా తగ్గాలని మనంతట మనం పెంచకూడదు, ఎక్కువైతే మంచి కన్ను దెబ్బతింటుంది.

చర్మానికి అంటుకునే ప్యాచే వాడండి, అద్దం మీద తొడిగే గుడ్డ ప్యాచ్ అయితే పక్కనుంచి చూసేస్తారు, పిల్లలు ఆ సందు ఎంత త్వరగా కనిపెడతారో. మన ఎండల్లో చెమటకి ఊడిపోతుంది, అందుకని ఏప్రిల్ మే నెలల్లో పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్టెయ్యండి. ముఖం మీద క్రీమ్, నూనె లేకుండా తుడిచి, ఆరాక అంటించండి. తీసేటప్పుడు సర్రున లాగితే రేపు పిల్ల దగ్గరికే రానివ్వదు, అంచుల వెంట వేలితో కొద్దిగా కొబ్బరినూనె రాసి, కంట్లోకి పోకుండా, రెండు నిమిషాలాగి మెల్లగా ముక్కు వైపు నుంచి వలవండి. చర్మం ఎర్రబడితే రోజూ కొంచెం పక్కకి జరిపి పెట్టండి, పుండైతే డాక్టర్‌కి చెప్పండి, ప్యాచ్ బదులు మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసే పద్ధతి కూడా ఉంది.

ఆ గంటల్లో పూసలు గుచ్చడం, రంగులేయడం, అష్టాచెమ్మా, పెసలూ మినుములూ కలిపి ఏరించడం ఏదైనా పెట్టండి, టీవీ చూసినా ఆ టైమ్ లెక్కలోకే వస్తుంది. మెట్లు, రోడ్డు, సైకిల్ మాత్రం వద్దు, అప్పుడు ఆ పిల్ల తక్కువ చూపున్న కంటితోనే నడుస్తోంది. బొమ్మకి కూడా ఒక ప్యాచ్ అంటించండి, మా పాప తన ఎలుగుబంటికి పెట్టాకే తను పెట్టించుకునేది.

చుట్టూ ఉన్నవాళ్ళు

మెల్లకన్ను అదృష్టం అంటారు, సోడాబుడ్డి అంటారు, పొన్నగంటి కూర తింటే అద్దాలు పోతాయంటారు. పొన్నగంటి కూర, క్యారెట్ మంచివే, పెట్టండి, కానీ కంటి ఆకారం వల్ల వచ్చిన పవర్ కూరతో తగ్గదు. తేనె, ఆముదం, తల్లిపాలు కంట్లో వేయనివ్వొద్దు, ఎవరు చెప్పినా సరే, ఇన్ఫెక్షన్ వస్తుంది. పిల్ల వినేట్టు "అయ్యో పాపం" అనేవాళ్ళకి అక్కడే "దీంతో మా పాపకి బాగా కనిపిస్తుంది అత్తయ్యా" అని చెప్పండి, పిల్ల అదే మాట నేర్చుకుని రేపు స్కూల్లో తనే చెప్పుకుంటుంది. ఒక కన్నే బాగున్న పిల్లలకి ఆ కన్ను ప్రాణం లాంటిది, చీపురు పుల్లల బాణాలు, బిళ్ళంగోడు, దీపావళి బాంబుల దగ్గర చాలా జాగ్రత్త.

చెకప్‌లు మానకండి, చూపు వచ్చేసిందని ప్యాచ్ ఆపేశాక కూడా సుమారు నలుగురిలో ఒకరికి ఏడాదిలోపు మళ్ళీ తగ్గుతుంది, అందుకే నెమ్మదిగా తగ్గించి ఆపుతారు, ఆపాక కూడా పిలుస్తుంటారు. ఇలాంటి కంటి సమస్యలు కుటుంబాల్లో నడిచేవి కూడా కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు చెల్లినో తమ్ముణ్ణో కూడా వెంట తీసుకెళ్ళి చూపించండి.