రెగ్గెటాన్ అంటే ఒక్కటే బీటు అనేటోళ్ళకు: కాయె 13 రెండో ఆల్బమ్ ఎట్ల ఇనాలె

సినిమా పాటలల్ల, బరాత్ డీజే రీమిక్సులల్ల రెగ్గెటాన్ (స్పానిష్‌ల ర్యాప్ చేసే డాన్సు సంగీతం) బీటు ఎప్పుడో కలిసిపోయింది, దాని పేరు తెల్వకుండనే మన పోరగాళ్ళు దానికి ఎగురుతున్నరు. పేరు తెలిసినోళ్ళేమో "అదా, అన్ని పాటలు ఒక్క తీరే ఉంటయి" అని కొట్టిపడేస్తరు. సగం నిజమే, బీటు ఒక్కటే. గాని ఆ ఒక్క బీటును పట్టుకొని ఏమేం చెయ్యొచ్చో చూపించిన ఆల్బమ్ ఒకటుంది, అమెరికా చేతుల ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టోరికో, ఆడి జోడీ కాయె 13 వాళ్ళ రెండోది, పేరు రెసిదెంతె ఓ విసితాంతె, 2007 ఏప్రిల్‌ల వచ్చింది. స్పానిష్ ఒక్క ముక్క రాకున్నా పర్వాలేదు, డప్పు చప్పుడు చెవిన పడితే కాలు ఆడే మనిషైతే చాలు. ఎట్ల మొదలుపెట్టాలె, ఏది ముందు ఏది ఎనక అనేది చెప్తా.

ముందు దొరకబట్టే ముచ్చట. పలికేది కాయె అని గాని ఇంగ్లీష్ అక్షరాలల్ల కొట్టేటప్పుడు సి, ఏ, డబుల్ ఎల్, ఈ, పక్కన 13 అని అంకె పెట్టాలె, పలికినట్టు కొడితే ఏదేదో వస్తది. ఆల్బమ్ పేరు కూడా తగిలించుర్రి, లేకుంటే 2005ల వచ్చిన మొదటి ఆల్బమ్ పాటలు కలిసొస్తయి. ఫోన్ స్పీకర్‌ల మాత్రం ఇనకుర్రి, అడుగు చప్పుడు అందుల రానే రాదు, పైన గీకుడు ఒక్కటే ఇనిపిస్తది, సగం మంది "ఏముంది ఇండ్ల" అనేది గిందుకే. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, కారుల ఇంటే ఇంకా మంచిది, జడ్చర్ల నుంచి కల్వకుర్తి దాకా పోయే లోపల ఆల్బమ్ చానా మట్టుకు అయిపోతది. ఇంకోటి, పాటలల్ల బూతులున్నయి, బాగనే ఉన్నయి. మనింట్ల ఎవ్వలకూ స్పానిష్ రాదు కాబట్టి భయం లేదు గాని గల్ఫ్‌లనో అమెరికాలనో ఉండి నాలుగు ముక్కలు నేర్చుకొచ్చిన బావ ఎవరన్న ఉంటే జర చూసి పెట్టుర్రి.

ఇగ అసలు పని. ఆల్బమ్ పెట్టక ముందే బీటును ఒంటికి ఎక్కించుకోవాలె, ఇది దాటేసి పోతే మిగిలిందంతా దండగ. ఎనిమిది లెక్క పెట్టుర్రి, ఆపకుండ, గోడ గడియారం టిక్కు టిక్కు లెక్క సమానంగ. ఒకటి మీద, అయిదు మీద కాలు కొట్టాలె. నాలుగు మీద, ఏడు మీద చప్పట్లు. అంతే. నోటితో అంటే "దూమ్, ఆగు, ఆగు, తక్, దూమ్, ఆగు, తక్, ఆగు". మొదట్ల చెయ్యి అయిదు మీదకే ఉరుకుతది, కాలు పడ్డ కాడనే చప్పట్లు కొట్టాలె అనిపిస్తది, గట్ల కొట్టొద్దు. నాలుగు మీద చప్పట్లు కొట్టి ఎంటనే అయిదు మీద కాలు, ఆ రెండు అతుక్కొని ఉంటయి, "తక్‌దూమ్" అని. అది కుదిరిందంటే నడుము దానంతట అదే కదులుతది, ఎవ్వలూ చెప్పనక్కరలే. చూస్తే ఒకటి, నాలుగు, ఏడు మీద దెబ్బలు బలంగ ఇనిపిస్తయి, అంటే మూడు, మూడు, రెండుగ ఎనిమిదిని పంచుకున్నరన్నట్టు. మొత్తం రెగ్గెటాన్ ఈ పంపకం మీదనే నిలబడ్డది. దీన్ని డెంబో అంటరు, 1990ల జమైకా సింగర్ షబ్బా ర్యాంక్స్ పాడిన పాట పేరే బీటుకు పడిపోయింది, ఆ చప్పుడు పనామా మీదికెళ్ళి ప్యూర్టోరికో చేరింది, అక్కడ పోరగాళ్ళు క్యాసెట్లల్ల ర్యాప్ ఎక్కించి అమ్ముకున్నరు, 2004ల డాడీ యాంకీ గాసొలీనా పాటతోటి లోకమంత పాకింది. చరిత్ర ఇంతకన్న ఎక్కువ అవసరం లేదు మన పనికి.

బీటు చేతికొచ్చినంక మనుషుల గురించి జర తెలుసుకుంటే ఇనుడు సులువైతది. రెనే పెరెజ్, ఎదువార్దో కాబ్రా, ఇద్దరూ సొంత అన్నదమ్ములు కాదు, ఒకరి తల్లి ఇంకొకరి తండ్రిని పెళ్ళి చేసుకుంటే కలిసిన పిల్లలు. పెద్దోళ్ళు విడిపోయినంక ఎదువార్దో రెనే ఉండే ఇంటికి వచ్చినప్పుడల్లా కాలనీ గేటు కాడ వాచ్‌మన్ ఆపి ఈడ ఉండేటోనివా, చూడనీకి వచ్చినోనివా అని అడిగేదట. అట్ల రెనే రెసిదెంతె అయ్యిండు, ఎదువార్దో విసితాంతె అయ్యిండు, కాయె అంటే వీధి, ఆ వీధి నంబర్ 13, అదే జోడీ పేరైంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గేటు కాడ రిజిస్టర్‌ల పేరు రాసి నిలబడ్డ మనోళ్ళకు ఇది ఎక్కువ ఇడమర్చి చెప్పక్కరలేదు, ఆ బిల్డింగుకు ఇటుక మోసినోడు కూడా రంగులేసినంక గేటు కాడ ఆగవలసిందే కదా. రెనే మాటలు రాసి ర్యాప్ చేస్తడు, ఎదువార్దో బాజాలు, చప్పుళ్ళు, సౌండు మొత్తం చూసుకుంటడు. వాళ్ళ చెల్లె ఇలియానా గొంతు కూడా అక్కడక్కడ ఇనిపిస్తది. అందుకే నేను చెప్పేదేందంటే ప్రతి పాట రెండుసార్లు ఇనుర్రి, ఒకసారి రెనే గొంతును వదిలేసి ఎనకున్న చప్పుడే ఇనుర్రి, రెండోసారి గొంతు ఎంబడి పోవుర్రి. రెండూ ఒక్కసారే ఇందామంటే లొల్లి లెక్క ఉంటది.

ఆల్బమ్‌ల ఉన్న వరుసల మొదలుపెట్టొద్దు. ముందు లా కుంబియా దె లోస్ అబుర్రీదోస్ పెట్టుర్రి. కుంబియా అనేది కొలంబియా పల్లెల నాట్యం, అండ్ల గీతలు గీతలున్న కర్రను గీకుతరు, "చ్చీ చికి, చ్చీ చికి" అని ఒక పొడుగు రెండు పొట్టి. ఆ గీకుడును పట్టుకోవాలె మీరు. అది దొరికినంక కాలితోని మన డెంబో వేసి చూడుర్రి, రెండూ ఎక్కడ కలుస్తయి, ఎక్కడ రాసుకుంటయి అనేది తెలుస్తది, ఈ ఆల్బమ్‌ల ఉన్న మజా అంతా ఆ రాపిడిలనే ఉంది. మిక్సింగు అంటే రెండు పాటలు పక్కపక్కన అతికిచ్చుడు కాదు, మన దిక్కు రీమిక్సులల్ల చానా మట్టుకు గదే చేస్తరు, కింద ఒక రెడీమేడ్ లూపు, పైన జానపదం గొంతు, అయిపాయె. ఈడ అట్ల కాదు, కుంబియా నడకే బీటును వంచుతది.

రెండోది టాంగో దెల్ పెకాదో. టాంగో అర్జెంటీనా, ఉరుగ్వే దిక్కుది, బాండోనియోన్ అని ఒక పెట్టె ఉంటది, మన హార్మోనియం లెక్కనే గాలితోని పలుకుతది గాని మోకాళ్ళ మీద పెట్టుకొని రెండు చేతులతోని సాగదీసి నొక్కుతరు. దీంట్ల బాహోఫోందో అనే గ్రూపు కలిసింది, దాన్ని నడిపేటోళ్ళల్ల గుస్తావో సాంతావోలాయా ఉన్నడు, 2006, 2007 రెండేండ్లు వరుసగ సినిమా సంగీతానికి ఆస్కార్ తీసుకున్న మనిషి. టాంగోకు కోపం, పొగరు, బాధ మూడూ ఉంటయి, దాని మీద రెనే ఎకసెక్కం మాటలు పడంగనే పాట పండింది. ఆల్బమ్ మొత్తంల ఒక్కటే పాట ఎవరికన్న పంపాలంటే నేను ఇదే పంపుత.

ఇగ మూడోది పాల్ నోర్తె, ఉత్తరం దిక్కు అన్నట్టు. దీని కాడ ఆగాలె. కాగితాలు లేకుండ, కాలినడకన, సరిహద్దు దాటి అమెరికా పోయే మనుషుల పాట ఇది. క్యూబా ర్యాప్ గ్రూపు ఒరీషాస్ కలిసి పాడింది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకొని ఇనుర్రి, ప్యూర్టోరికో వాళ్ళకు 1917 నుంచే అమెరికా పౌరసత్వం ఉంది, వాళ్ళకు ఆ గోడ దుంకే అవసరమే లేదు, టికెట్ కొనుక్కొని పోతరు. అయినా రెనే దుంకేటోని గొంతుతోనే పాడిండు, అదీ జాలి పడుకుంట కాదు, ఎదురుగ నిలబడి. మన దిక్కు వలస పాట అంటే ఏడుపు రాగం అని అలవాటైంది, పాలమూరు లేబర్ అని దేశమంత పేరు మోసి, డ్యాములు కాల్వలు రోడ్లు తవ్విన జిల్లా కదా, బొంబాయి బస్సు ఎక్కిన ముసలోళ్ళను అడిగితే ఎన్నో చెప్తరు. గాని ఆ కథలల్ల నవ్వులుంటయి, తెలివి ఉంటది, మేస్త్రిని బురిడీ కొట్టించిన ముచ్చట్లుంటయి, పాటలల్ల మాత్రం కన్నీళ్ళే మిగిలినయి. పాల్ నోర్తె ఇన్నప్పుడు మీ ఇంట్ల వలస పోయొచ్చిన మనిషి ఎవరన్న ఉంటే పక్కన కూసోబెట్టుకొని ముందు పాట పెట్టుర్రి, తర్వాత సంగతి చెప్పుర్రి, ముందే చెప్తే వాళ్ళు బీటు ఇనరు, సొంత కథలకు పోతరు. ఈ పాటకే 2007ల లాటిన్ గ్రామీ అవార్డులల్ల బెస్ట్ అర్బన్ సాంగ్ వచ్చింది, ఆల్బమ్‌కు కూడా బెస్ట్ అర్బన్ ఆల్బమ్ వచ్చింది, మళ్ళ 2008ల మామూలు గ్రామీ కూడా.

మిగిలినయి తొందరగ చెప్త. సిన్ ఎక్సాహెరార్‌ల తేగో కాల్దెరోన్ ఉంటడు, ప్యూర్టోరికో నల్లజాతి గొంతు, నిమ్మలంగ నములుకుంట ర్యాప్ చేస్తడు, ఆయన కోసమన్న ఇనాలె. యేగలె ఆ మి గ్వారీదల అర్జెంటీనా రాక్ సింగర్ విసెంతికో పాడిండు, మాల సుయెర్తె కోన్ ఎల్ 13ల స్పెయిన్ ర్యాపర్ మాలా రోద్రీగెస్. అంటే ఒక్కో పాటకు ఒక్కో దేశపోణ్ణి ఇంటికి పిలిచినట్టున్నది. అన్నీ సమానంగ లేవు మళ్ళ, నడుమల రెండు మూడు పాటలు ఎక్కిరింపు కోసమే ఉన్నట్టున్నయి, భాష తెల్వకుంటే అవి ఆగకుండ జారిపోతయి, దాటేసినా పాపం లేదు.

మాటల అర్థం కావాలంటే ఫోన్‌ల ట్రాన్స్‌లేట్ పెడితే చాలదు. ప్యూర్టోరికో వీధి స్పానిష్ వేరే, పదాల చివర్లు మింగేస్తరు, యాప్ దాన్ని సక్కటి స్పానిష్ అనుకొని ఏదో అర్థం లేని వాక్యం ఇస్తది, మన నల్లగొండ మాటను యాప్‌కు ఇస్తే ఏం చేస్తదో ఒకసారి చూడుర్రి, గదే కథ. పాట మొత్తం ఒక్కసారి వేయకుండ రెండు రెండు లైన్లు వేసి, తేడాగ వచ్చిన మాటను విడిగ ప్యూర్టోరికో అని చేర్చి వెతికితే దొరుకుతది. పాల్ నోర్తె, టాంగో రెండింటికి ఈ కష్టం పడుర్రి, కుంబియాకు అవసరం లేదు.

డప్పు కొట్టేటోళ్ళు, డీజే చేసేటోళ్ళు ఉంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. డప్పును మంచిగ కాపి, దూమ్ అన్న కాడ సిర్రతోని, తక్ అన్న కాడ సిటికెన పుల్లతోని కొట్టుర్రి, ముందు పాట లేకుండ, తర్వాత పాట మీద. రెగ్గెటాన్ నడక నిమిషానికి 90 నుంచి 100 దూమ్ దెబ్బల నడుమ ఉంటది, అంటే మన బరాత్ ఊపు కన్న నిమ్మలం, డప్పోళ్ళకు ఉరకాలనిపిస్తది, ఉరకనియ్యొద్దు. తీన్‌మార్‌ను దీని మీద సీదాగ ఎక్కియ్యాలని చూడకుర్రి, తీన్‌మార్ మూళ్ళ మీద ఊగుతది, ఇది ఎనిమిది మీద నడుస్తది, రెండూ కలిపితే ఎవ్వలి కాలు ఎక్కడ పడాలో తెల్వక ఆగమైతది. ఆల్బమ్‌ల వాళ్ళు చేసిన ఉపాయమే చెయ్యుర్రి, కోలాటం లెక్క సమానంగ నడిచే అడుగున్న పాటను తీసుకొని, దాని నడకను అట్లనే ఉంచి, చప్పట్ల కాడ మాత్రం నాలుగు, ఏడు మీదికి జరపాలె. పల్లవిల ఆపి, చరణంల పెడితే ఇంకా బాగుంటది, మొత్తం పాట అంతా కొడితే చెవి అలిసిపోతది.

ఇది నచ్చితే 2008ల వచ్చిన మూడోది, 2010ల వచ్చిన నాలుగోది వరుసగ ఇనుర్రి. వాటిల్ల రెగ్గెటాన్ ఇంకా పలచబడి, లాటిన్ అమెరికా పాటలు ఎక్కువైనయి. మొదటి ఆల్బమ్‌ల అత్రేవెతె అనే పాట ఒక్కటి చాలు, క్లారినెట్ తోని ఉంటది, అది బరాత్‌ల పెట్టొచ్చు, ఎవ్వలూ ఏమనరు. టాంగో మాత్రం బరాత్‌ల పెట్టకుర్రి, గుర్రం మీదున్న పెండ్లికొడుకు దిగి మీ కాడికొస్తడు.