టెస్టోస్టిరాన్ మందు మొదలెట్టే ముందు
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన కుర్రాళ్లు జిమ్ములో ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పెంచే డబ్బాలు కొనేస్తున్నారు. కాస్త ఆగి ఇవి చూసుకోండి.

– టెస్టోస్టిరాన్ పరీక్షకి రక్తం పొద్దున్న 7 నుంచి 10 లోపు, పరగడుపున ఇవ్వాలి. నేను సాయంత్రం డ్యూటీ దిగి ఇచ్చి, తక్కువొచ్చిందని వారం రోజులు టెన్షన్ పడ్డాను. వేరే రోజు మళ్లీ చేయించాలి; రెండుసార్లూ డెసీలీటరుకు 300 నానోగ్రాముల కంటే తగ్గి, కోరిక తగ్గడం, నీరసం లాంటివీ ఉంటేనే సాధారణంగా వైద్యం మాట వస్తుంది.

– మలేరియా జ్వరం తగ్గీ తగ్గగానే పరీక్ష వద్దు.

– పిల్లలు కావాలా? అయితే ఇంజెక్షన్, జెల్ జోలికి పోకండి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సంకేతాలు పంపడం తగ్గించేస్తుంది, వీర్యకణాలు సున్నాకి కూడా పడిపోవచ్చు, ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

– పొట్ట, గురక, రోజూ ఇప్పసారా ఉంటే ముందు వాటి సంగతి చూడండి. బరువు తగ్గితే హార్మోన్ పెరుగుతుంది. గురకలో ఊపిరి ఆగుతుంటే డాక్టరుకి చెప్పాల్సిందే.

– అశ్వగంధ మన మూలికే కదా అనుకోవద్దు, కొందరికి కాలేయం దెబ్బతింది. కామెర్లు వచ్చినవాళ్లు, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకండి.

– చికిత్స తప్పదంటే ముందే హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), నలభై ఏళ్లు దాటితే పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన రక్తపరీక్ష) కూడా చేయించి కాగితాలు దాచుకోండి. హిమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపుతారు.