పొలం గట్టు మీద క్లోజప్: లెన్సు కంటే ముందు వేళ తెలియాలి

గోదావరి డెల్టాలో సరదా కొద్దీ కెమెరా పట్టినవారు మొదట తీసే ఫొటోలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. గౌతమి మీద సూర్యోదయం, రేవు దాటే పంటు, కొబ్బరితోపుల మధ్య కాలువ, ధవళేశ్వరం బ్యారేజీ మీద పొగమంచు, ఇవన్నీ తీశాక కొత్తగా ఏం తీయాలన్న ప్రశ్న వస్తుంది. అడవి కావాలంటే పాపికొండల దాకా వెళ్లాలి, కొల్లేటి పక్షులు కావాలంటే ఖరీదైన పెద్ద లెన్సు ఉండాలి. నేనెరిగిన ఔత్సాహికుల్లో ఎక్కువమంది క్లోజప్ వైపు మళ్లింది ఈ దశలోనే. పెరట్లో అరటాకు మీద వాలిన తూనీగను ఒకసారి దగ్గరగా తీసి, తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు, రోజూ కళ్ల ముందు తిరిగే జీవికి ఇంత రూపం ఉందా అన్న ఆశ్చర్యం కలుగుతుంది, మర్నాడు తెల్లవారుజామున నిద్ర లేపేది కూడా ఆ ఆశ్చర్యమే. ఆ ఇష్టం నిలవడానికి లెన్సు కంటే ముందు వేళలు తెలియాలని నా అభిప్రాయం. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో, ఏ పురుగు ఎంతసేపు కదలకుండా ఉంటుందో, గాలి ఎప్పుడు మొదలవుతుందో తెలిసినవారికి చవక సామగ్రితోనూ మంచి ఫొటో వస్తుంది.

అందుకే మొదటి ఏడాది మాక్రో లెన్సు, అంటే చాలా దగ్గర నుంచి తీయడానికే చేసిన లెన్సు, కొనవద్దని నా సలహా. మీ దగ్గర 50 మి.మీ. లెన్సు ఉంటే దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబు, అంటే లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం, చాలు. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద రాసి ఉండే మి.మీ. సంఖ్యతో) భాగిస్తే అదనంగా ఎంత పరిమాణం వస్తుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. ట్యూబు తగిలిస్తే, వస్తువు తన అసలు పరిమాణంలో సగం మేర సెన్సారు (కెమెరాలో చిత్రం పడే ఫలకం) మీద పడుతుంది. పూర్తి పరిమాణంలో, అంటే 1:1 నిష్పత్తిలో పడాలంటే ట్యూబులను 50 మి.మీ. వరకు కలుపుకోవాలి. ఇంకా చవక మార్గం రివర్స్ రింగుతో లెన్సును తిరగేసి బిగించడం, కానీ అందుకు వెలుతురు వచ్చే ద్వారాన్ని చేత్తో తిప్పి మార్చే డయాఫ్రం రింగు ఉన్న పాత లెన్సు అయితేనే సౌకర్యం. ఫోనుతో తీసేవారు మాక్రో పేరుతో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెళ్ల కెమెరాను పక్కన పెట్టి, ప్రధాన కెమెరా మీద క్లిప్పు లెన్సు పెట్టుకోవడం మేలు.

సామగ్రి ఏదైనా అసలు ఇబ్బంది ఒక్కటే: దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా కనిపించే మందం తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సారున్న) కెమెరాతో 1:1 దగ్గర ఎఫ్/8 (ఈ ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ లెన్సు ద్వారం చిన్నదవుతుంది) పెట్టినా ఆ మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. పైగా ఆ స్థితిలో ఎఫ్/8 పెడితే సెన్సారుకు అందే వెలుతురు ఎఫ్/16కు అందేంతే. అలాగని ఎఫ్/22 దాకా పోతే కాంతి వివర్తనం (మరీ చిన్న ద్వారం గుండా వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్యే ఉండి, ఆ పలుచని పొరను ఎక్కడ ఉంచాలో ముందే నిర్ణయించుకోవాలి. పురుగైతే కంటి మీద ఉంచాలి. తూనీగను పక్క నుంచి తీసేటప్పుడు దాని ఒళ్లు సెన్సారుకు సమాంతరంగా ఉండేలా నిలబడితే, తల నుంచి తోక దాకా అదే పొరలో ఇమిడిపోతుంది. ఫోకస్ రింగును తిప్పుతూ వెతకడం కంటే, కావలసిన పరిమాణానికి దాన్ని ఒకసారి స్థిరపరచి, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకు వెనక్కు కదుపుతూ మీట నొక్కడం అలవాటు చేసుకోండి.

ఇక వేళల విషయం. ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటే వరకు తెల్లవారుజాము ఈ పనికి అన్నిటికంటే మంచి సమయం. రాత్రి చలికి తూనీగల రెక్కల కండరాలు చల్లబడి ఉంటాయి కనుక, ఎండ తగిలి వేడెక్కే వరకు అవి ఎగరలేవు. మంచు బిందువులతో గడ్డిపరకను పట్టుకుని ఉన్న తూనీగ వైపు, నీడ దాని మీద పడకుండా, దాని కంటి ఎత్తుకు వంగి నెమ్మదిగా వెళ్లాలి. పెద్ద జాతుల్లో ఒక్కొక్క కంటిలో దాదాపు 30 వేల వరకు చిన్న కళ్లు ఉంటాయి. వాటి గళ్లు విడివిడిగా కనిపించాలంటే కెమెరా ఏమాత్రం కదలకూడదు, అందువల్ల కెమెరా నిలిపే ముక్కాలిపీట (ట్రైపాడ్) ఈ సమయంలో మాత్రం తప్పనిసరి. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలిపే పద్ధతి కూడా ఈ గాలి లేని వేళలోనే ఫలిస్తుంది.

అదే సమయంలో వరి ఆకుల కొసలను గమనించండి. అక్కడ గుండ్రంగా నిలిచే చుక్కల్లో చాలావరకు మంచు కాదు, రాత్రి వేర్లు పీల్చుకున్న నీటిని మొక్క తానే ఆకు కొస నుంచి బయటికి పంపుతుంది. గాలిలోని తేమ చల్లబడి ఆకు మీదంతా సన్నగా పరుచుకునేది మంచు. కొస మీది చుక్క ఒక చిన్న లెన్సులా పనిచేసి, వెనుక ఉన్నదాన్ని తలకిందులుగా చూపిస్తుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన బంతి మొక్కను కుండీతో సహా చుక్కకు కాస్త వెనుకగా పెడితే, ఆ పువ్వు చుక్కలో ఇమిడి కనిపిస్తుంది. ఫోకస్ చుక్క అంచు మీద కాకుండా లోపలి పువ్వు మీద ఉండాలి.

డెల్టా ఫొటోగ్రాఫరు తీయగలిగినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది వరి పూత. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం వేసిన సార్వా (ఖరీఫ్) చేలు సాధారణంగా అక్టోబరులో, దాళ్వా (రబీ) చేలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూతకు వస్తాయి. మనం రోజూ తినే అన్నం పువ్వుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూసినవారు ఊళ్లలో కూడా తక్కువే. ఉదయం తొమ్మిది దాటాక, మధ్యాహ్నం లోపు, కంకి కొస నుంచి కిందికి వరుసగా గింజ పొట్టులోని రెండు సగాలు చిన్న ముక్కులా తెరుచుకుంటాయి. లోపలి నుంచి ఆరు లేత పసుపు కేసరాలు సన్నని తీగల మీద వేలాడుతూ బయటికి వస్తాయి, వాటి అడుగున ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు ఉంటాయి. సుమారు గంటలో పొట్టు మళ్లీ మూసుకుంటుంది, కేసరాలు బయటే మిగిలిపోతాయి. అందువల్ల పదింటికి కేసరాలు వేలాడుతున్న కంకి దొరికినా, తెరిచి ఉన్న పొట్టు దొరికే దాకా మరో కంకి, ఇంకో కంకి వెతకాలి. గింజ పొడవు ఎనిమిది మిల్లీమీటర్ల వరకు ఉంటుంది కనుక 1:1 దగ్గర అది ఫ్రేమును తగినంత నింపుతుంది.

చిక్కేమిటంటే, పువ్వు తెరుచుకునే వేళకే గాలి కూడా మొదలవుతుంది. రెండు కొబ్బరి ఈనెలను గట్టు బురదలో గుచ్చి, కంకి కింది కాడను వాటి మధ్య వదులుగా నిలిపితే ఊగడం చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కదలికకు ఫ్లాష్ కావాలి. ఫ్లాష్ వెలుగు తక్కువ శక్తిలో సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువసేపే ఉంటుంది కాబట్టి కదలికను పట్టి ఆపుతుంది. దాని ముందు ట్రేసింగ్ కాగితమో పలుచని తెల్ల ఫోము షీటో కట్టకపోతే మాత్రం పొట్టు మీది నూగు మొత్తం తెల్లగా మెరిసి వివరం పోతుంది. గట్టు మీద నుంచి అందే కంకులనే తీయాలి, పూత మీదున్న చేలోకి దిగి మొక్కలను తొక్కడం రైతుకు చేసే నష్టం.

తొలకరి వచ్చాక, జూన్ 22 ప్రాంతంలో మొదలయ్యే ఆరుద్ర కార్తెలో, మెరక ఇసుక నేలల మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. వాటి మఖమలు ఎరుపు కెమెరాలో ముద్దగా మారిపోతుంది, అందువల్ల ఎక్స్‌పోజరును ఒక స్టాపు (అంటే వెలుతురును సగానికి) తగ్గించి, రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని అసలు డేటాగా) తీయండి. నేల మీద పడుకుని తీయవలసిన పురుగు ఇది.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్లో పద్ధతి మారుతుంది. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురద మీద, ఒక్క డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే చిన్న మగ పీతలు ఆడ పీతలను పిలుస్తూ ఆ డెక్కను ఊపుతుంటాయి, అడుగుల చప్పుడుకే కలుగుల్లో దూరిపోతాయి. చెక్క వంతెన మీద కదలకుండా కూర్చుని, 300 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. ట్యూబు తగిలించి తీయాలి. ఇక్కడ ట్యూబు వల్ల పెరిగే పరిమాణం పన్నెండో వంతే అయినా, దూరపు లెన్సు మరింత దగ్గర ఫోకస్ చేయగలుగుతుంది. బయలుదేరే ముందు ఆటుపోట్ల సమయాలు చూసుకోకపోతే ఆ రోజు వృథా.

గట్ల బొరియల్లో రక్తపింజర ఉండవచ్చు కాబట్టి గమ్ బూట్లు లేకుండా గడ్డిలో మోకాళ్లూనవద్దు. ఆ చేనుకు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడిగి, అనుమతి తీసుకుని కూర్చోండి. కదలకుండా ఉంటాయని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అంటించడం కొందరు చేస్తారు. అది ఎంత మాత్రమూ తగని పని, అలా తీసిన ఫొటోలో కాళ్ల తీరు చూస్తేనే తెలిసిపోతుంది.

మన తేమకు లెన్సుల్లో బూజు పట్టడం మామూలే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, ఏసీ గదిలో నుంచి తెచ్చిన కెమెరాను అరగంట సంచిలోనే ఉంచి తర్వాత బయటికి తీయండి.

తీసిన ప్రతి జీవికీ పేరు తెలుసుకోవడానికి ప్రయత్నించండి. అందమైన ముఖం ఫొటో ఒక్కటే ఉంటే తెలిసినవారు కూడా జాతి చెప్పలేరు. తూనీగకు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెక్కల ఈనెలు, తోక చివర కనిపించేలా మరొకటి తీసి, తేదీ, ఊరు, వాలిన మొక్క పేరు రాసి జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ పెడితే, తూనీగలను చదువుకున్నవారు గుర్తించడానికి ఆధారం దొరుకుతుంది, మీ ఊరి గట్టు మీద ఏ నెలలో ఏది తిరుగుతుందో నలుగురికీ నమోదై ఉంటుంది.